పొమ్మనలేక పొగబెట్టడం: జడ్జి మాట, జడ్జి కుర్చీ

(యువ న్యాయవాదులు, న్యాయశాస్త్ర విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ఇవాళ నాకు ఇచ్చిన విషయం ‘అంతర్జాతీయ మానవ హక్కుల చట్టంలో న్యాయవ్యవస్థ స్వతంత్రత, భావ ప్రకటనా స్వేచ్ఛ’. పేరు మోయలేనంత బరువుగా ఉంది. దాన్ని కిందకు దించి ఒక్క ప్రశ్నగా మార్చుకుందాం. కోర్టుల గురించి మాట్లాడినందుకు ఒక జడ్జిని కుర్చీలోంచి లేపేశారు. కానీ లేపినవాళ్లు ఆ కారణం ఎక్కడా కాగితం మీద పెట్టలేదు. అప్పుడు దాన్ని రుజువు చేయడం ఎలా?

ఎందుకంటే ‘నువ్వు మాట్లాడావు కాబట్టి పో’ అని రాసిచ్చే ప్రభుత్వాలు చాలా తక్కువ. మన పెద్దవాళ్లు పొమ్మనలేక పొగబెట్టడం అంటారు చూడండి, జడ్జీల విషయంలో జరిగేది ఎక్కువగా అదే. ఆ పొగ సంస్కరణ పేరుతో వస్తుంది, పునర్వ్యవస్థీకరణ పేరుతో వస్తుంది, ఒక్కోసారి ఏకంగా రాజ్యాంగ సవరణ రూపంలో వస్తుంది. ఈ విద్యను క్షుణ్నంగా విప్పి చూపిన తీర్పు ఒకటుంది. బాకా వర్సెస్ హంగేరీ. యూరోపియన్ మానవ హక్కుల కోర్టులో గ్రాండ్ చాంబర్ అనే పెద్ద ధర్మాసనం, 2016 జూన్ 23. ఎక్కువ సమయం దీనికే ఇస్తాను. మిగతా కేసులు దీని చుట్టూ వస్తాయి.

ఆంద్రాష్ బాకా 1991 నుంచి 2008 దాకా, 17 ఏళ్లు, స్ట్రాస్‌బర్గ్‌లోని ఆ కోర్టులోనే జడ్జిగా పనిచేశారు. ఈ 17 అనే అంకె గుర్తుపెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది. 2009 జూన్ 22న హంగేరీ పార్లమెంటు ఆయన్ని ఆరేళ్లకు సుప్రీంకోర్టు అధ్యక్షుడిగా ఎన్నుకుంది. అంటే పదవీకాలం 2015 జూన్ 22 దాకా. ఆ కుర్చీతో పాటే జాతీయ న్యాయ మండలి అధ్యక్ష పదవి కూడా ఆయనదే. కోర్టులను తాకే బిల్లుల మీద అభిప్రాయం చెప్పడం ఆ మండలి అధ్యక్షుడికి చట్టం అప్పగించిన పని. హక్కు ఒక్కటే కాదు, డ్యూటీ. కేసు మొత్తానికి ఇరుసు ఇదే.

2010 ఎన్నికల్లో మూడింట రెండు వంతుల మెజారిటీతో కొత్త ప్రభుత్వం వచ్చింది. కొత్త రాజ్యాంగం రాయడం మొదలుపెట్టింది. దాంతో పాటు కోర్టుల మీదికి బిల్లులు వరసకట్టాయి. బాకా ప్రధానంగా నాలుగింటి మీద మాట్లాడారు. ఒకటి, 2006 శరదృతువులో జరిగిన అల్లర్ల కేసుల్లో వచ్చిన తుది శిక్షలను చట్టం చేసి రద్దు చేయడం. రద్దు పని పార్లమెంటు చేయకూడదు, పునఃపరిశీలించే వీలు కోర్టులకే ఇవ్వండి అన్నారు. రెండు, జడ్జీల రిటైర్మెంట్ వయసును 70 నుంచి 62కు దించడం. దేశంలోని జడ్జీల్లో పదో వంతు, 274 మంది, ఏడాదిలోగా ఇంటికి పోవాల్సి వస్తుందని 2011 ఏప్రిల్‌లో లేఖలు రాశారు. మూడు, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సవరణలు. వీటిని ఆయన నేరుగా రాజ్యాంగ న్యాయస్థానంలో సవాలు చేశారు. 2011 డిసెంబరులో ఆ న్యాయస్థానం ఆ నిబంధనలను కొట్టేసింది కూడా. నాలుగు, కోర్టుల పరిపాలన బిల్లు. దీని మీద 2011 నవంబరు 3న పార్లమెంటులోనే నిలబడి మాట్లాడారు.

ఇప్పుడు క్యాలెండర్ చూడండి. నవంబరు 3న ప్రసంగం. నవంబరు 19 నుంచి 23 మధ్య పాలక పక్ష సభ్యులు సవరణల మీద సవరణలు పెట్టారు. వాటి సారం ఇదీ: సుప్రీంకోర్టు పేరు ఇకమీదట ‘కూరియా’, కొత్త రాజ్యాంగం అమల్లోకి రాగానే పాత అధ్యక్షుడి పదవీకాలం ముగిసినట్టే. నెల తిరక్కుండానే పార్లమెంటు వాటిలో ముఖ్యమైనవాటికి ఆమోదం తెలిపింది. 2012 జనవరి 1న బాకా పదవి పోయింది. ఇంకా మూడున్నరేళ్లు మిగిలే ఉంది. మరి కూరియా అధ్యక్షుడిగా మళ్లీ ఎన్నికవ్వొచ్చు కదా? దానికీ తలుపు వేశారు. అభ్యర్థికి హంగేరీలో జడ్జిగా ఐదేళ్ల అనుభవం ఉండాలని షరతు పెట్టారు. స్ట్రాస్‌బర్గ్‌లో చేసిన 17 ఏళ్లు లెక్కలోకి రావు. పదవి దిగాక దక్కాల్సిన ఆర్థిక ప్రయోజనాలూ పోయాయి. ఇల్లు అదే, వీధి అదే, బోర్డు మార్చి యజమానిని బయట నిలబెట్టారన్నమాట.

ప్రభుత్వ వాదన తేలికైనదేమీ కాదు. దాన్ని తక్కువగా చూపిస్తే మీకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. వాళ్లన్నది ఇదీ. మేం ఎవరినీ శిక్షించలేదు. అత్యున్నత న్యాయస్థానం స్వరూపమే మారింది. మండలి బాధ్యతలు వేరే కార్యాలయానికి వెళ్లాయి, పని మారింది కాబట్టి పదవీ మారింది. పైగా ఆయన్ని జడ్జిగా తీసేయలేదు, అదే కోర్టులో సివిల్ బెంచికి అధ్యక్షత వహిస్తూనే ఉన్నారు. ఇది పరిపాలనా పదవికి సంబంధించిన విషయం, మాటకు సంబంధించింది కాదు.

కోర్టు దీన్ని ఎలా తూచిందో దగ్గర్నుంచి చూద్దాం. మీకు ఫైల్ తయారుచేయడానికి పనికొచ్చేది ఈ భాగమే. మొదట అడిగింది: యూరోపియన్ మానవ హక్కుల ఒప్పందంలో భావ ప్రకటనా స్వేచ్ఛ చెప్పే పదో అధికరణం కింద జోక్యం జరిగిందా లేదా? దానికి ‘ఘటనల వరుస మొత్తాన్ని’ చూడాలంది. ఒక్కో ఘటనను విడదీసి చూస్తే దేనికదే మామూలుగా కనిపిస్తుంది. పక్కపక్కన పెడితే కథ మారిపోతుంది. బాకా విమర్శలకూ తొలగింపు ప్రతిపాదనలకూ మధ్య దూరం రోజుల్లోనే ఉంది. అంతకంటే గట్టి సాక్ష్యం ఇంకోటి దొరికింది. అదే ఏడాది ఏప్రిల్‌లో పాలక పార్టీ ప్రతినిధి ఒకరు రేడియోతో, అక్టోబరులో న్యాయశాఖ ఉన్నతాధికారి ఒకరు టీవీతో, సుప్రీంకోర్టుకు పేరు మాత్రమే మారుతుంది, అధ్యక్షుడు ఆయనే ఉంటాడన్న ధోరణిలో మాట్లాడారు. అధ్యక్షుణ్ణి మార్చే ఆలోచనే సంస్కరణలో లేదని ప్రభుత్వ పక్షమే చెప్పినట్టయింది. అక్టోబరులో లేని అవసరం నవంబరులో ఎక్కణ్ణుంచి వచ్చింది? మధ్యలో జరిగింది నవంబరు 3 ప్రసంగమే.

ఇక్కడ కోర్టు ఒక మెట్టు ఎక్కింది. ప్రాథమికంగా నమ్మదగ్గ సాక్ష్యం కనబడ్డాక రుజువు భారం ప్రభుత్వం మీదికి మళ్లుతుందంది. అసలు కారణాలు ప్రభుత్వానికే తెలుసు, అవి తన దగ్గరున్న సంగతులు, కాబట్టి తనే చూపాలి. హంగేరీ చూపలేకపోయింది. ఆయన సమర్థత మీదగానీ నడవడిక మీదగానీ ఒక్క ప్రశ్న కూడా ఎవరూ లేవనెత్తలేదు. 15–2 మెజారిటీతో పదో అధికరణం ఉల్లంఘన జరిగిందని తేల్చింది.

ఒక తమాషా చెప్పి ముందుకెళ్తాను. యూరోపియన్ ఒప్పందం పదో అధికరణం రెండో పేరాలో, మాటను పరిమితం చేయడానికి ఒప్పుకున్న కారణాల్లో ‘న్యాయవ్యవస్థ అధికారాన్ని, నిష్పాక్షికతను కాపాడడం’ అన్నది ఉంది. ఇంగ్లండ్ కోర్టు ధిక్కరణ చట్టాన్ని దృష్టిలో పెట్టుకుని చేర్చిన మాట అది. కోర్టులను బయటివాళ్ల మాటల నుంచి కాపాడడానికి. హంగేరీ ఆ గొడుగునే పట్టుకొచ్చి, కోర్టు అధ్యక్షుణ్ణి తీసేసింది న్యాయవ్యవస్థ కోసమేనంది. గ్రాండ్ చాంబర్ ఒప్పుకోలేదు. అసమర్థత, దుష్ప్రవర్తన వంటి ఏ కారణమూ లేకుండా కోర్టు అధ్యక్షుణ్ణి గడువుకు ముందే దించేసి, దానికి న్యాయవ్యవస్థ స్వతంత్రతనే సాకుగా చూపడం కుదరదంది. నా లెక్కలో ఈ తీర్పుకు వెన్నెముక ఈ వాక్యమే, పుస్తకాల్లో మాత్రం దీన్ని దాటేసి వెళ్లిపోతుంటారు.

రెండో భాగం ఆరో అధికరణం, కోర్టుకెక్కే హక్కు. తొలగింపు రాజ్యాంగ స్థాయి చట్టంతో జరిగింది కాబట్టి దాన్ని సవాలు చేయడానికి దేశంలో తలుపే లేకుండా పోయింది. ప్రభుత్వోద్యోగులకు ఆరో అధికరణం ఎప్పుడు వర్తించదో 2007 నాటి విల్హో ఎస్కెలినెన్ వర్సెస్ ఫిన్లాండ్ తీర్పు చెప్పింది. రెండు షరతులు: ఆ పదవికి కోర్టు తలుపు మూసినట్టు జాతీయ చట్టం స్పష్టంగా చెప్పి ఉండాలి, ఆ మూతకు నిష్పక్షపాతమైన కారణం ఉండాలి. హంగేరీ ఇదిగో మూసిన చట్టం అని చూపించింది ఆ తొలగింపు చట్టాన్నే. కోర్టు ఏమందంటే, ఏ చట్టం మీద ఫిర్యాదో ఆ చట్టాన్నే తలుపు మూతకు ఆధారంగా చూపితే ఎలా, అంతకు ముందున్న చట్టాన్ని చూడాలి. అందులో అలాంటి నిషేధం లేదు. ఇక్కడా ఉల్లంఘనే.

తొలగించేదాకా ఆగాలా అంటే, అక్కర్లేదు. విల్లే వర్సెస్ లీక్టెన్‌స్టైన్, 1999. హెర్బర్ట్ విల్లే అక్కడి పరిపాలనా న్యాయస్థానం అధ్యక్షుడు. 1995 ఫిబ్రవరి 16న ఒక పరిశోధనా సంస్థలో ఉపన్యాసం ఇచ్చారు. దేశాన్ని ఏలే ప్రిన్స్‌కూ పార్లమెంటుకూ రాజ్యాంగం అర్థం మీద పేచీ వస్తే దాన్ని రాజ్యాంగ న్యాయస్థానం తేల్చవచ్చన్నది ఆయన అభిప్రాయం. పదకొండు రోజులకు, ఫిబ్రవరి 27న, ప్రిన్స్ ఉత్తరం. ఇకముందు మిమ్మల్ని ఏ ప్రభుత్వ పదవికీ నియమించను అని. అప్పటికి విల్లే కుర్చీలోనే ఉన్నారు, ఒక్క రూపాయి నష్టం జరగలేదు. అయినా స్ట్రాస్‌బర్గ్ కోర్టు ఆ ఉత్తరమే జోక్యం అంది. అన్న మాటకు అది మందలింపు, అనబోయే మాటకు హెచ్చరిక. ప్రభుత్వం నోట్ ఫైల్ దాటి ఉత్తరం రాసిన క్షణమే మీ కేసు మొదలైనట్టు.

అయితే జడ్జి ఏం మాట్లాడినా చెల్లుతుందనుకుంటే బోర్లా పడతాం. డి జొవాన్ని వర్సెస్ ఇటలీ, 2013. జడ్జీల నియామక పరీక్ష బోర్డు సభ్యుడొకరు తన బంధువుకు మేలు చేశారని ఒక జడ్జి పత్రికకు చెప్పారు. ఆ ఆరోపణకు ఆధారం లేదని తేలింది. క్రమశిక్షణ చర్యగా అన్నిటికంటే తేలికైన హెచ్చరికతో సరిపెట్టారు. ఉల్లంఘన లేదంది కోర్టు. ఇక్కడా విషయం ప్రజలకు సంబంధించిందే, సంస్థ గురించినదే. తేడా ఎక్కడంటే రెండు చోట్ల: అది అభిప్రాయం కాదు, ఫలానా వ్యక్తి ఫలానా పని చేశాడన్న ఆరోపణ, దానికి ఆధారం లేదు, శిక్ష కూడా ఉద్యోగం పోయేంతది కాదు. పెండింగ్ కేసు మీద మాట్లాడితే పరిస్థితి ఇంకా అధ్వానం. 1999 నాటి బుషెమి వర్సెస్ ఇటలీలో కోర్టు అధ్యక్షుడు పత్రికలో ఒక కేసు గురించి మొగ్గు తెలిసేలా మాట్లాడి, తర్వాత అదే కేసు విన్నాడు. అక్కడ నష్టపోయింది కక్షిదారు. నిష్పాక్షికత లేదని ఆరో అధికరణం ఉల్లంఘన తేల్చారు. జడ్జి మాట్లాడే హక్కు చివరికి కక్షిదారు హక్కుకు లోబడే ఉంటుంది. అసలు స్వతంత్రత ఎవరి కోసం? జడ్జి హోదా కోసం కాదు, బోనులో నిలబడ్డ మనిషి కోసం.

అంచు మీద నిలిచిన కేసూ ఒకటుంది. కుదేష్కినా వర్సెస్ రష్యా, 2009. మాస్కో నగర న్యాయస్థానం జడ్జి, ఒక పెద్ద క్రిమినల్ కేసులో పై అధికారుల నుంచి ఒత్తిడి వచ్చిందని ఎన్నికల సమయంలో పత్రికలకు, రేడియోకు చెప్పారు. ఉద్యోగం తీసేశారు. 4–3తో గెలిచారు. ఒక్క ఓటు అటుంటే ఓడేవారు. తొలగింపు అంత పెద్ద శిక్ష కాకపోయి ఉంటే ఫలితం మారేదేమోనని నా అనుమానం.

అట్లాంటిక్ అవతల ఇంటర్ అమెరికన్ మానవ హక్కుల కోర్టు ఇంకో మెట్టు పైకెళ్లింది. 2009 జూన్ 28న హోండురాస్‌లో సైన్యం అధ్యక్షుణ్ణి దేశం దాటించింది. అక్కడి సుప్రీంకోర్టు దాన్ని రాజ్యాంగబద్ధమైన అధికార మార్పిడి అంది. కొందరు జడ్జీలు ఒప్పుకోలేదు. ఒకరు ప్రదర్శనకు వెళ్లారు, ఒకరు విశ్వవిద్యాలయంలో చేసిన ప్రసంగం పత్రికలో వ్యాసంగా వచ్చింది, ఒకరు అధ్యక్షుడి కోసం పిటిషన్ వేశారు. క్రమశిక్షణ చర్యలు మొదలయ్యాయి. లోపెస్ లోనే, ఇతరులు వర్సెస్ హోండురాస్, 2015 అక్టోబరు 5. మామూలు రోజుల్లో జడ్జిని రాజకీయాలకు దూరంగా ఉంచే నియమాలు, ప్రజాస్వామ్యమే కూలుతున్న రోజున వర్తించవంది కోర్టు. ఉద్యోగాలు పోయిన ముగ్గురిని తిరిగి తీసుకోమని ఆదేశించింది. స్ట్రాస్‌బర్గ్ సాధారణంగా డబ్బుతో సరిపెట్టే చోట ఈ కోర్టు కుర్చీ తిరిగిప్పిస్తుంది. పిటిషన్‌లో ఏం కోరాలో రాసేటప్పుడు ఈ తేడా తెలిసి ఉండాలి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఆసియాకు అలాంటి ప్రాంతీయ కోర్టు లేదు. భారత్ 1979 ఏప్రిల్ 10న పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో చేరింది. కానీ వ్యక్తులు నేరుగా ఫిర్యాదు చేసుకునే ఐచ్ఛిక ప్రోటోకాల్‌లో చేరలేదు. కాబట్టి మన దేశం నుంచి, ఆ ఒడంబడిక అమలును చూసే జెనీవాలోని మానవ హక్కుల కమిటీకి వ్యక్తిగత కేసు వెళ్లదు. ఈ సంగతి తెలియక క్లయింటు చేత జెనీవాకు కాగితాలు పంపించేవాళ్లున్నారు. తిరుగు టపా తప్ప ఫలితం ఉండదు. తెరిచి ఉన్న దారి ప్రత్యేక ప్రతినిధిది. జడ్జీలు, న్యాయవాదుల స్వతంత్రత మీద 1994లో ఐక్యరాజ్య సమితి ఆ పదవి పెట్టింది. అక్కడికి రాయడానికి దేశంలోని కోర్టులన్నీ ఎక్కి దిగాల్సిన పనిలేదు, ప్రోటోకాల్ అక్కర్లేదు. ఆ ప్రతినిధి లేఖ రాస్తే ప్రభుత్వానికి సాధారణంగా 60 రోజులు గడువు, తర్వాత ఆ లేఖ, జవాబు బహిరంగమవుతాయి. అది తీర్పు కాదు, రికార్డు.

ఒడంబడికను మన కోర్టుల్లో వాడుకునే దారీ ఉంది. 1993 మానవ హక్కుల పరిరక్షణ చట్టం రెండో సెక్షన్‌లో మానవ హక్కుల నిర్వచనంలోనే అంతర్జాతీయ ఒడంబడికలు వచ్చి చేరాయి. కానీ అక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. తొలగించిన జడ్జి తరఫున ఒడంబడిక పద్నాలుగో అధికరణం ఒక్కటే పట్టుకుంటారు. అది ప్రధానంగా కక్షిదారుకు స్వతంత్ర న్యాయస్థానం హామీ ఇచ్చేది. జడ్జి తన పదవి గురించి వాదించాలంటే ప్రభుత్వ కొలువుల్లో సమాన అవకాశం చెప్పే 25(సి)ని దానికి జతచేయాలి. బెలారస్ రాజ్యాంగ న్యాయస్థానం జడ్జి పస్తుఖోవ్‌ను దేశాధ్యక్షుడు ఒక్క డిక్రీతో తీసేస్తే, 2003లో కమిటీ ఆ రెండింటినీ కలిపే ఉల్లంఘన తేల్చింది. మాట వల్ల తొలగింపు అయితే భావ ప్రకటనా స్వేచ్ఛ చెప్పే పంతొమ్మిదో అధికరణం మూడోది.

జడ్జి మాటకు హద్దులెక్కడ అంటే అందరూ చూపేది 1985 నాటి ఐక్యరాజ్య సమితి మౌలిక సూత్రాల్లో ఎనిమిదోది. దాదాపు అదే మాట బెంగళూరు సూత్రాల్లో 4.6గా ఉంది. అవును, మన బెంగళూరే. 2001లో అక్కడ ముసాయిదా తయారైంది, 2002లో హేగ్‌లో ఖరారైంది. తక్కిన పౌరుల్లాగే జడ్జికీ భావ ప్రకటనా స్వేచ్ఛ ఉంది, కానీ పదవి గౌరవానికీ నిష్పాక్షికతకూ భంగం రాకూడదు. మన సుప్రీంకోర్టు 1997 మే 7న ఆమోదించిన నడవడి నియమాలు దీనికంటే బిగుతు. తీర్పులే మాట్లాడాలి, పత్రికలకు ఇంటర్వ్యూలివ్వకూడదు అంటాయి. ఆ నేపథ్యంలోనే 2018 జనవరి 12ను చూడాలి. కృష్ణా జిల్లా నుంచి వెళ్లిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ ఇంటి ఆవరణలో నలుగురు సుప్రీంకోర్టు జడ్జీలు విలేకరులను పిలిచి కేసుల కేటాయింపు తీరు మీద మాట్లాడారు. 1997 నియమాలతో కొలిస్తే ఒక జవాబు, బాకా కొలతతో కొలిస్తే ఇంకో జవాబు వస్తుంది. నా మటుకు నాకు రోస్టర్, అంటే ఏ కేసు ఏ జడ్జికన్న కేటాయింపు, ప్రజల విషయమే. వాళ్ల మీద చర్యేమీ లేదు కాబట్టి కొలవాల్సిన అవసరం ఏ కోర్టుకూ రాలేదు.

ప్రశ్నలుంటే తీసుకుంటాను.

ప్రశ్న: సార్, ఇలాంటి క్లయింటు వస్తే మొదటి రోజు ఏం చేయమంటారు?

జవాబు: ఒక పెద్ద కాగితం మీద నాలుగు గడులు గీయండి. మొదటి గడిలో తేదీ. రెండో గడిలో జడ్జి ఏమన్నారు, ఏ హోదాలో అన్నారు, ఎక్కడ అన్నారు. మూడో గడిలో ప్రభుత్వం ఏం చేసింది. నాలుగో గడిలో అదే విషయం మీద ప్రభుత్వం అంతకు ముందు ఏం చెప్పింది. అందరూ వదిలేసేది ఆ నాలుగోదే, బాకా గెలిచింది ఎక్కువగా దాని మీదే. పత్రికల కత్తిరింపులు, సభలో ఇచ్చిన జవాబులు, టీవీ రికార్డింగులు రోజుల తరబడి వెతకాలి. ‘వేధించారు’, ‘కక్ష గట్టారు’ లాంటి మాటలు ఆ కాగితం మీద రాయకండి, తేదీలు రాయండి. హోదా గడి కూడా ముఖ్యమే. పదవి అప్పగించిన పనిలో భాగంగా అన్న మాటకు రక్షణ గట్టిది, ఫేస్‌బుక్‌లో రాత్రి పదకొండింటికి రాసినదానికి అంత ఉండదు. ఇక గడువు. స్ట్రాస్‌బర్గ్‌కు అప్పట్లో ఆరు నెలలుండేది, బాకా 2012 మార్చి 14నే వేసేశారు. 2022 ఫిబ్రవరి నుంచి అది నాలుగు నెలలే. యూరప్‌లో ప్రాక్టీసు చేయబోతున్న మనవాళ్లు ఇక్కడ కొందరున్నారు కాబట్టి చెబుతున్నాను.

ప్రశ్న: బాకాకు పదవి తిరిగి వచ్చిందా?

జవాబు: రాలేదు. నష్టపరిహారం 70,000 యూరోలు, ఖర్చుల కింద 30,000. ఆయన పదవీకాలం మామూలుగా సాగితే 2015 జూన్ 22తో ముగిసేది. గ్రాండ్ చాంబర్ తీర్పు 2016 జూన్ 23న వచ్చింది, ఏడాదీ ఒక రోజు ఆలస్యంగా.